వార్డెన్ చేతికి అధికారం, పిల్లల చేతికి లెక్క



రాజ్యాంగం 267వ అధికరణం ప్రభుత్వాలకు ఆగంతుక నిధి పెట్టుకునే వీలిచ్చింది. ఊహించని ఖర్చొస్తే ముందు అందులోంచి తీసి వాడొచ్చు, చట్టసభ ఆమోదం తర్వాత తీసుకోవచ్చు. ఆపద ఆగదని బాబాసాహెబ్ అధ్యక్షతన ముసాయిదా రాసినవాళ్లకు తెలుసు. సర్కారుకున్న ఈ వెసులుబాటు మన పిల్లల హాస్టల్‌కెందుకు లేదు?

మేం సంక్షేమ హాస్టల్లో చదివినోళ్లమే. వానకు గోడ చెమ్మెక్కితే స్విచ్చి షాక్ కొట్టేది. వార్డెన్‌నడిగితే "కాగితం పైకి పంపిన, ఎస్టిమేటు రావాలె" అనేటోడు. అది వచ్చేదాకా కర్రతో లైటేసుకున్నం.

"అధికారమిస్తే వార్డెన్లు తింటారు" అంటరు. తినేటోడు పై సంతకాలున్నా తింటడు. అందుకే రెండూ కలిపి అడుగుతున్నాం. కరెంటు, తాగునీరు, పైకప్పు, మరుగుదొడ్డి: ఈ నాలుగింటికి ఒక పరిమితి పెట్టి ముందే ఖర్చు చేసే అధికారమివ్వాలి. వారంలోగా బిల్లు హాస్టల్ గోడకు అంటించాలి. దానిమీద పిల్లల కమిటీ సంతకముండాలి.

ఉప ప్రణాళిక చట్టాన్ని 2013లో కొట్లాడి తెచ్చుకున్నాం. తెలంగాణలో 2017లో అది ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టమైంది. చట్టంలో ఉన్న పైసా తెగిన వైరు దాకా రావాలె. ప్రతి హాస్టల్‌కూ పోదాం, ఏమేం పాడైనయో రాసుకొద్దాం, ఆ జాబితాతోనే కలెక్టరేటు ముందు కూర్చుందాం.

జై భీమ్!