బిల్లులో పీసీఐఏ

కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్, సన్నీవేల్, శాన్ హోసేలలో మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల కరెంటు బిల్లు మీద రెండు పేర్లుంటాయి. తీగలు, స్తంభాలు, మీటరు పాత కంపెనీ పీజీ అండ్ ఈవి. కరెంటు కొనిపెట్టేది మాత్రం స్థానిక ప్రభుత్వాల సంస్థ. 2002 చట్టం దీనికి దారి వేస్తే, 2010లో మారిన్ కౌంటీలో మొదటి సంస్థ కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది.

ఆ బిల్లులోనే పీసీఐఏ అనే పద్దు కనిపిస్తుంది. పాత కంపెనీని వదిలినందుకు కట్టే రుసుము ఇదే. ఒక్కసారితో తీరిపోదు, వాడిన ప్రతి యూనిట్‌కూ పడుతుంది. ఎందుకంటే, ఈ ఇళ్లను నమ్ముకునే పాత కంపెనీ ఏళ్ల తరబడి సాగే కరెంటు కొనుగోలు ఒప్పందాలు చేసుకుంది. సౌర విద్యుత్తు బాగా ఖరీదుగా ఉన్న రోజుల్లో రాసుకున్నవీ వాటిలో ఉన్నాయి. మార్కెట్ ధర అంతకంటే తక్కువైతే, ఆ నష్టం పాత కంపెనీతోనే మిగిలిన ఇళ్ల నెత్తిన పడకూడదన్నది నియమం. మార్కెట్ ధర పెరిగితే రుసుము తగ్గుతుంది. ఆ ఇల్లు ఏ ఏడాది కొత్త సంస్థకు మారిందన్నదాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది.

రుసుము న్యాయమైనదే అంటాను. కానీ దాని లెక్క మామూలు మనిషికి అర్థమయ్యేలా లేకపోవడం అన్యాయం. అక్కడున్న మీ పిల్లలతో మాట్లాడినప్పుడు ఒక్క మాట చెప్పండి: కొత్త సంస్థ యూనిట్ ధరకు పీసీఐఏ కలిపాకే పాత ధరతో పోల్చుకోమనండి.