గిటార్ పొట్ట ఉబ్బిందా? అమ్మేసే ముందు ఈ వీడియో చూడండి

ఆ మధ్య మా వీధిలో ఉండే ఒక తమ్ముడు గిటార్ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "అన్నా, దీన్ని ఎవరికైనా అమ్మిపెట్టు. ఏడాది నుంచి కూర్చుంటున్నా, ఎఫ్ కార్డ్ పలకట్లేదు. వేళ్లు కోసుకుపోతున్నాయి. నాకు ఇది రాదులే" అన్నాడు.

నేను గిటార్ తీసుకుని 12వ ఫ్రెట్ దగ్గర స్కేల్ పెట్టి చూశాను. ఫ్రెట్ పైనుంచి లావు తీగ అడుగు వరకు 5 మిల్లీమీటర్లు! మామూలుగా స్టీల్ తీగల గిటార్‌కి లావు తీగ దగ్గర రెండున్నర, సన్న తీగ దగ్గర 2 మిల్లీమీటర్లు ఉంటే హాయిగా వాయించుకోవచ్చు. అంటే వాడు ఏడాదిగా రెట్టింపు ఎత్తులో ఉన్న తీగల్ని నొక్కుతున్నాడు. తప్పు వాడి వేళ్లది కాదు, గిటార్‌ది.

గిటార్‌ని పక్కనుంచి చూస్తే విషయం తెలిసిపోయింది. బ్రిడ్జ్ వెనకాల ముందు చెక్క, అంటే సౌండ్‌బోర్డ్, పొట్టలా ఉబ్బింది.

ఎందుకు ఉబ్బుతుందో చెప్తాను. 12 గేజ్ స్టీల్ తీగల సెట్ మామూలు ట్యూనింగ్‌లో దాదాపు 70 కిలోల పైనే బలంతో లాగుతుంది. 13 గేజ్ వేస్తే 80 దాటుతుంది. ఆ లాగుడంతా బ్రిడ్జ్ మీద పడుతుంది. కానీ బ్రిడ్జ్ అతికి ఉన్న చెక్క మందం సుమారు 3 మిల్లీమీటర్లే. లాగుడికి బ్రిడ్జ్ ముందుకు వాలాలని చూస్తుంది. దాంతో దాని వెనక చెక్క పైకి లేస్తుంది, సౌండ్‌హోల్ వైపు కిందికి దిగుతుంది. దీన్ని ఆపడానికే లోపల కర్ర బద్దలు అతికిస్తారు. వాటినే బ్రేసులు అంటారు.

ఒక మాట గుర్తుపెట్టుకోండి. కొంచెం ఉబ్బు ఉండటం రోగం కాదు. చాలా గిటార్లని కొద్దిపాటి వంపుతోనే తయారుచేస్తారు. ఉబ్బుతో పాటు తీగల ఎత్తు పెరిగినా, ఏదైనా ఊడినా అప్పుడు పట్టించుకోవాలి.

ఇంట్లో మీరే చేసుకోగల పరీక్షలు నాలుగు ఉన్నాయి.

ఒకటి, బ్రిడ్జ్ వెనకాల అడ్డంగా స్టీల్ స్కేల్ పెట్టండి. రెండు చివర్లా ఎంత సందు ఉందో ఫొటో తీసి పెట్టుకోండి. నెల తర్వాత మళ్లీ చూడండి. సందు పెరుగుతోందంటే ఆలోచించాల్సిందే.

రెండు, సన్న కాగితం తీసుకుని బ్రిడ్జ్ వెనక అంచు కిందకి తోయండి. కాగితం లోపలికి దూరిందంటే బ్రిడ్జ్ ఊడుతోందన్నమాట. వెంటనే తీగలు వదులు చేసేయండి.

మూడు, తీగలు తీసి, ఫోన్ కెమెరాలో ఫ్లాష్ ఆన్ చేసి సౌండ్‌హోల్‌లోంచి లోపలికి వీడియో తీయండి. ఫోన్ పట్టకపోతే చిన్న అద్దం, టార్చ్ వాడండి. బద్దలకీ చెక్కకీ మధ్య నల్లటి గీతలా సందు కనిపిస్తుందేమో చూడండి.

నాలుగు, చెక్క మీద వేలి కణుపుతో మెల్లగా తట్టండి. ఎక్కడైనా జివ్వుమన్నట్టు గరగర శబ్దం వస్తే అక్కడ బద్ద ఊడి ఉండొచ్చు.

మా తమ్ముడి గిటార్‌లో ఫోన్ పెట్టగానే దొరికింది. బ్రిడ్జ్ కింద నుంచి వెళ్లే ఒక బద్ద చివర ఊడిపోయింది. పైగా వాడు "సౌండ్ గట్టిగా వస్తుంది" అని ఎవరో చెప్తే 13 గేజ్ తీగలు వేశాడు.

రిపేర్ ఇలా చేశాం. తీగలన్నీ తీసేసి కొన్ని రోజులు వదిలేశాం. తర్వాత సందులో దుమ్ము తుడిచి, వడ్రంగులు వాడే గట్టిపడే పసుపు రంగు జిగురుని పల్చటి ప్లాస్టిక్ ముక్కతో లోపలికి తోశాం. మామూలు తెల్ల జిగురు ఎప్పుడూ బరువు పడే చోట మెల్లగా జారుతుంది. అందుకే అది వాడలేదు. బయటికొచ్చిన జిగురు తడిబట్టతో తుడిచి, క్లాంప్ బిగించి 24 గంటలు ముట్టుకోలేదు. ఆ తర్వాత 11 గేజ్ తీగలు వేశాం. ఎత్తు 5 నుంచి మూడున్నరకి దిగింది.

అప్పుడు మాత్రమే సాడిల్ జోలికి వెళ్లాం. బ్రిడ్జ్ మీద తీగలు ఆనే తెల్లటి ముక్క ఉంటుంది కదా, అదే సాడిల్. దాన్ని అడుగు నుంచి శాండ్‌పేపర్ మీద ఒకటిన్నర మిల్లీమీటర్లు అరగదీశాం. సాడిల్‌లో ఎంత తీస్తే 12వ ఫ్రెట్ దగ్గర అందులో సగమే తగ్గుతుంది. అలా రెండున్నరకి కాస్త పైన ఆగింది.

ఈ వరస ఎందుకు ముఖ్యమో నా సొంత అనుభవం చెప్తాను. నా మొదటి గిటార్‌కి ఇదే సమస్య. లోపల చూడకుండా సాడిల్ అరగదీస్తూ పోయాను. చివరికి తీగలు సాడిల్ మీద గట్టిగా ఆనడమే మానేశాయి, సౌండ్ చచ్చిపోయింది. పొట్ట మాత్రం అలాగే ఉంది. ట్రస్ రాడ్ కూడా తిప్పాను. అది మెడ వంపుని సరిచేసేది, పొట్టని కాదు. ఆ గిటార్ ఇంక బాగుపడలేదు.

ఇస్త్రీ పెట్టెతో చెక్కని అదిమితే సరిపోతుందని ఎవరైనా చెప్తే వినకండి. పాలిష్ పాడవుతుంది, లోపల మంచి జిగురు కూడా వదిలేస్తుంది. వేడితో సరిచేసే పద్ధతి ఉంది, కానీ అది చేయి తిరిగిన రిపేరర్ పని. బద్దలన్నీ బాగుండి కూడా ఉబ్బు తగ్గకపోతే బ్రిడ్జ్ డాక్టర్ అనే పరికరం ఉంది. బ్రిడ్జ్ నుంచి గిటార్ వెనక దిమ్మ వరకు లోపల ఒక కర్ర పెట్టి, బ్రిడ్జ్‌ని ఎదురు నెడుతుంది. చెక్క పగిలినా, బ్రిడ్జ్ లేచినా, మెడ కోణం మారినా సొంత వైద్యం వద్దు. చవక గిటార్ అయితే ముందే ఖర్చు అడగండి, ఒక్కోసారి రిపేర్ గిటార్ ధర దాటిపోతుంది.

ఇంకొకటి. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కి స్టీల్ తీగలు అస్సలు వేయకండి. అది సుమారు 40 కిలోల లాగుడికి తయారైన గిటార్. దాదాపు రెట్టింపు బరువు పెడితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే గిటార్‌కి మంచిది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది. గిటార్‌ని గోడకి తగిలించకుండా కేసులో సిలికా జెల్ ప్యాకెట్లతో పెట్టండి. అనంతపురం ఎండాకాలంలో దీనికి ఉల్టా, చెక్క ఎండి పగులుతుంది. ఎండలో కారులో మాత్రం ఎక్కడైనా సరే వదలకండి.

తమ్ముడు మొన్న మళ్లీ వచ్చాడు. ఎఫ్ కార్డ్ పట్టాడు. ఒక తీగ ఇంకా మూగగానే ఉంది, కానీ మిగతా ఐదూ పలికాయి. "అమ్మేద్దామా మరి?" అని అడిగితే గిటార్ వెనక్కి లాక్కున్నాడు.

మీకూ వేళ్లు నొప్పెడుతుంటే, "నాకు రాదు" అనుకునే ముందు 12వ ఫ్రెట్ దగ్గర ఒక్కసారి స్కేల్ పెట్టండి. ఎంత వచ్చిందో కామెంట్‌లో రాయండి. ఉంటాను మరి, వచ్చే వీడియోలో కలుద్దాం.