అణు వ్యర్థం – గ్రామీణ జీవనం: తుమ్మలపల్లె చెప్పే పాఠం

అణుశక్తి లాభనష్టాలను బేరీజు వేసేటప్పుడు విద్యుత్ కేంద్రం ఎక్కడ వెలుస్తుందన్న ప్రశ్న మీద జరిగినంత చర్చ, దానికి కావలసిన ఖనిజాన్ని తవ్వి శుద్ధి చేశాక మిగిలే వ్యర్థం ఎవరి పొలాల పక్కన నిలిచిపోతుందన్న ప్రశ్న మీద జరగలేదు. కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె ఈ రెండో ప్రశ్నను తెలుగువారి ముందు ఉంచింది.

అక్కడ యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా నెలకొల్పిన కర్మాగారానికి రోజుకు 3,000 టన్నుల ఖనిజాన్ని శుద్ధి చేసే సామర్థ్యం ఉంది. టన్ను ఖనిజంలో యురేనియం సుమారు అర కిలోకు మించదు కనుక, తవ్విన రాయి దాదాపు అంతా మెత్తని బురదగా మారి కె.కె.కొట్టాల సమీపంలోని వ్యర్థాల చెరువుకు, అంటే టెయిలింగ్ పాండ్‌కు చేరుతుంది. యురేనియం క్షయం చెందగా పుట్టిన థోరియం-230, రేడియం-226 ఆ బురదలోనే ఉండిపోవడం వల్ల ఖనిజంలోని రేడియోధార్మికతలో సుమారు 85 శాతం వ్యర్థంలో మిగులుతుంది. అర్ధాయువు, అంటే పదార్థం సగానికి తగ్గేందుకు పట్టే కాలం, రేడియం-226కు 1,600 ఏళ్లు, థోరియం-230కు సుమారు 75,000 ఏళ్లు. గని జీతం ఒకటి రెండు తరాలది కాగా, వ్యర్థానికి కాపలా వందల తరాలది. పల్లె మీద పడే భారానికి మూలం ఈ వ్యత్యాసమే.

అరటి, వేరుశనగ పండించే ఆ పల్లెలకు బోరునీరే ఆధారం. చెరువు నుంచి ఊటనీరు భూగర్భ జలాల్లో కలిసి పైర్లు దెబ్బతింటున్నాయని, చర్మవ్యాధులు వస్తున్నాయని రైతులు ఫిర్యాదు చేయగా, సంస్థ ఆ ఆరోపణలను అంగీకరించలేదు. 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు నోటీసు ఇచ్చింది. అయితే వివాదం తేలేదాకా నష్టం వేచి ఉండదు. నీటి మీద అనుమానం పుట్టిన చోట భూమి ధర పడిపోయి, తాకట్టు మీద అప్పు పుట్టడం, కౌలుకు మనిషి దొరకడం కష్టమవుతాయి. సేకరణలో భూమి పోయినవారికి పరిహారమైనా దక్కుతుంది గాని, చెరువుగట్టు అవతల భూమి మిగిలినవారికీ, కౌలురైతులకూ, కూలీలకూ ఆ లెక్కలో చోటుండదు; ఊరు రెండుగా చీలడానికి ఇదే కారణమవుతుంది.

భారం మోసే ఊరికే నిర్ణయంలో మాట దక్కే పద్ధతి వేరే చోట ఉంది. ఫిన్లాండ్‌లో 1987 నాటి అణుశక్తి చట్టం అణు వ్యర్థాల నిలయాన్ని నిరాకరించే అధికారాన్ని స్థానిక పాలక మండలికే ఇచ్చింది. వాడిన అణు ఇంధనాన్ని 400 మీటర్లకు పైగా లోతున పాతిపెట్టే ఓంకలో నిలయానికి యూరాయోకి మండలి 2000లో సమ్మతించిన తరువాతనే, 2001లో పార్లమెంటు ఆమోదం లభించింది. వ్యర్థ నిర్వహణ ఖర్చును విద్యుదుత్పత్తిదారులు ముందుగానే ప్రత్యేక నిధిలో జమచేయాలి. వాడిన ఇంధనమూ గని బురదా ఒకటి కాకపోయినా, రెంటికీ వర్తించే న్యాయం ఒక్కటే.

కనుక గ్రామసభ సమ్మతి నిర్ణయానికి ముందే తీసుకోవాలి. బోరునీటి పరీక్షలు సంస్థతో సంబంధం లేనివారు చేసి, ఫలితాలను తెలుగులో ఊరి ముందు ఉంచాలి. గని మూతపడ్డాక కూడా కొనసాగే నిధి మీద గ్రామానికి చట్టబద్ధమైన హక్కు ఉండాలి. పరిహారం ఒక్కసారి ఇచ్చి చేతులు దులుపుకోవడం కాదు, వ్యర్థం ఉన్నంతకాలం బాధ్యత ఉండడమే న్యాయం.