మలాశయపు కేన్సరు – బిళ్ళలకు కరెంటు వైద్యం

(వార్షిక సమావేశంలో ఒక డాక్టరుగారి ప్రసంగ పాఠం)



మలద్వారం సంగతి నలుగురిలో మాట్లాడడమేమిటని కొందరికి అనిపించవచ్చు. ఈ సిగ్గువల్లనే చాలామంది మా దగ్గరికి ఆలస్యంగా వస్తున్నారు. అందుకే మాట్లాడుతున్నాను.

ఒక పెద్దాయనకు మలాశయంలో, అంటే పెద్దప్రేగు చివరి భాగంలో, కేన్సరు తేలింది. ఆపరేషనుకు ముందు కరెంటు పెట్టాలన్నాం. కరెంటంటే నిజానికి ఎక్స్‌రే వంటి కిరణాలే. "గడ్డ ఒకచోట ఉంటే నడుం కిందంతా కరెంటు పెడతామంటారేమిటి డాక్టర్ సాబ్?" అని అడిగారాయన. న్యాయమైన ప్రశ్నే.

కాలికి పుండు పడితే గజ్జలో బిళ్ళ కడుతుంది గదా! కేన్సరు కణాలూ అలాంటి దారినే పోతాయి. మలాశయం చుట్టూ ఉన్న కొవ్వు పొరలో ఈ బిళ్ళలు, అంటే లింఫు గ్రంథులు, ఉంటాయి. ఆ పొరను చెదరకుండా మలాశయంతోపాటే తీసే పద్ధతిని ఇంగ్లండు సర్జన్ బిల్ హీల్డ్ 1982లో ప్రచురించారు. అయితే కటి పక్కగోడల వెంట, రక్తనాళాల దగ్గర, మరికొన్ని బిళ్ళలుంటాయి. మామూలు ఆపరేషన్లో అవి లోపలే మిగిలిపోతాయి. జపాను సర్జన్లు వాటినీ కోసి తీస్తూ వచ్చారు. ఐరోపావారు కరెంటును నమ్ముకున్నారు.

హాలెండువారి ఆధ్వర్యంలో 1,861 మందిపై జరిపిన పరిశోధన 2001లో వెలువడింది. ఆపరేషనుకు ముందు 5 రోజులు, రోజుకు 5 గ్రేల చొప్పున కరెంటు పెట్టినవారిలో రెండేళ్ళకు జబ్బు కటిలో తిరగబెట్టింది 2.4 శాతం మందికే. ఆపరేషన్ ఒక్కటే అయినవారిలో 8.2 శాతం.

కరెంటుకూ హద్దుంది. ఎం.ఆర్.ఐ.లో పక్కగోడ బిళ్ళ 7 మిల్లీమీటర్లు, అంతకు మించి ఉన్నవారికి కరెంటు, మందులు ఇచ్చి మామూలు ఆపరేషన్ చేసినా, ఐదేళ్ళలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి ఆ పక్కనే తిరగబెట్టిందని 2019లో తేలింది. ఆ బిళ్ళలను కూడా తీయించుకున్నవారిలో అది 6 శాతం లోపే. కాబట్టి "పక్క బిళ్ళలెలా ఉన్నాయి?" అని ఆపరేషనుకు ముందే అడగండి. అడగడం తప్పు కాదు.

అందరికీ కరెంటు అవసరం ఉండదు. పెట్టేటప్పుడు మాత్రం మూత్రం ఆపుకొని రమ్మంటారు. నిండిన మూత్రాశయం చిన్నప్రేగులను పైకి నెట్టి కాపాడుతుంది. విరేచనాలు, నీరసం వస్తే డాక్టరుకు చెప్పండి గాని మధ్యలో మానకండి.

ఆ పెద్దాయన చివరికి ఒప్పుకున్నారు. "రక్తం పడుతుంటే మొలలేననుకొని ఎనిమిది నెలలు నాటుమందు మింగాను" అని బాధపడ్డారు. ఆ ఎనిమిది నెలలు మీరు పోగొట్టుకోకండి. ఇంట్లో ఎవరికైనా రక్తం పడితే వెంటనే చూపించండి.