సీసాలోని పువ్వు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సైన్సు గదిలో గాజు బీరువా పై అరలో, పాము సీసా పక్కన ఒక చిన్న సీసా ఉంటుంది. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. దాని మీద 'సీ ఎనిమోన్ - యాక్టీనియా ఈక్వినా' అని సిరాతో రాసి ఉండేది. ఆ పేరు రాసింది నేనే. అది తప్పు. ఈ మాట చెప్పడానికే ఈరోజు మైకు అడిగాను.

1979లో మేం తొమ్మిదో తరగతి. సైన్సు మాస్టారు మమ్మల్ని రుషికొండ తీసుకెళ్లారు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బండల మధ్య నీటిగుంటలో అది కనిపించింది. ఆకుపచ్చగా పువ్వులా విచ్చుకుని ఉంది. ఒంటినిండా ఇసుక, గవ్వముక్కలు అంటించుకుంది. వేలు పెడితే ముడుచుకుపోయింది. చాకుతో గీకి తీసి, నేరుగా ఫార్మలిన్‌లో వేశాను. కొన్నాళ్లకు చూస్తే ఉసిరికాయంత ముద్ద, రంగు కూడా లేదు. లైబ్రరీ పుస్తకంలో అలాంటి ముద్ద బొమ్మే కనిపిస్తే, కింద ఉన్న పేరు రాసేశాను.

"ఎలా తెలిసిందిరా?" అన్నారు మాస్టారు.

"బొమ్మలో ఇలాగే ఉందండీ."

ఆయన నవ్వి, చిన్న కాగితం మీద పెన్సిలుతో ఏదో రాసి సీసా లోపల వేశారు.

తర్వాత నేను జంతుశాస్త్రమే చదివాను, కాలేజీలో అదే చెప్పాను. కిందటేడు సీసాలు శుభ్రం చేయడానికి బడివాళ్లు పిలిస్తే వచ్చి, దాన్ని తీసి భూతద్దం కింద పెట్టాను. ఒంటి మీద వరసలుగా బుడిపెలు! ఇసుకను పట్టి ఉంచేవి అవే. యాక్టీనియా ఒళ్లు నున్నగా ఉంటుంది. ఆ ఒక్క తేడా చాలు, నా పేరు చెల్లదని తేలడానికి.

మరి అసలు పేరేమిటి? చెప్పలేను. ఎనిమోన్‌ను గుర్తించాలంటే బతికుండగానే ఫోటో తీయాలి, రంగు రాసుకోవాలి, మీసాలు లెక్కపెట్టాలి. మెగ్నీషియం క్లోరైడు నీళ్లలో మెల్లగా మత్తెక్కించి, విచ్చుకుని ఉండగా ఫార్మలిన్‌లో పెట్టాలి. డీఎన్‌ఏ కోసం చిన్న ముక్క విడిగా ఆల్కహాలులో దాచాలి. లోపలి పొరలను పలచగా కోసి చూడాలి, కుట్టే కణాల తిత్తులను మైక్రోస్కోపు కింద కొలవాలి. నేను వీటిలో ఒక్కటీ చేయలేదు.

1828లో స్కాట్లండ్ తీరంలో సర్ జాన్ డాల్యెల్ ఒక ఎనిమోన్‌ను తెచ్చి, గాజుపాత్రలో సముద్రపు నీళ్లు మారుస్తూ పెంచారు. 'గ్రానీ' అని ముద్దుపేరు. ఆయన పోయాక కూడా చేతులు మారుతూ, వందల పిల్లల్ని కని, 1887 దాకా బతికింది. మన సంఘం వయసు కంటే తొమ్మిదేళ్లు ఎక్కువ! నేను తెచ్చినదానికి ఆ అవకాశం ఇవ్వలేదు. పోనీ ప్రాణం తీసినందుకు సరైన పేరైనా ఇవ్వలేదు.

ఎన్ని బ్యాచ్‌లు ఆ పేరును రికార్డులోకి ఎక్కించుకున్నాయో! అది గుర్తురాక మార్కు పోగొట్టుకున్నవాళ్లు ఈ సభలో ఉంటే, మీరు తప్పు చేయలేదు. నన్ను క్షమించండి.

ఆ రోజు సీసా అడుగున మాస్టారి కాగితం దొరికింది. సిరా అయితే ఎప్పుడో కరిగిపోయేది, పెన్సిలు గనుక నిలిచింది. 'రుషికొండ, బండల గుంట, 1979. పేరు తెలియదు. మళ్లీ చూడాలి.' అంతే. ఆయన నా పేరును కొట్టేయలేదు, నమ్మనూ లేదు. నేనే తెలుసుకుని వస్తానని వదిలేశారు. రావడానికి నలభై ఏళ్లు దాటింది. చెప్పుకుందామంటే ఇవాళ ఆయన లేరు.

కొత్త చీటీ అంటించాను: 'సీ ఎనిమోన్. జాతి తెలియదు.' పిల్లలూ, ఈసారి రుషికొండ వెళ్తే చాకు వద్దు. నోటుబుక్కు, పెన్సిలు పట్టుకెళ్లండి.

సెలవు.