అడిగి చేయండి
(సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుని ప్రసంగపాఠం)



గొంతు కాన్సర్‌కు నేను 33 రోజులు కరెంటు పెట్టించుకున్న సంగతి మీకు తెలిసిందే. అప్పుడు మన సంఘంవారు అభిమానంతో యాపిల్ పళ్ళు తెచ్చారు. మంచినీళ్ళే దిగని గొంతు నాది! పళ్ళు మనవలు తిన్నారు. నాకు కావలసింది పొద్దున్నే ఓపీ చీటీకి వరుసలో నిలబడే మనిషి, మా ఆవిడ జావ కాచేందుకు ఆసుపత్రి దగ్గర ఒక గది. ఎవరూ అడగలేదు. మొహమాటపడి నేనూ చెప్పలేదు.

1952లో న్యూయార్కులో టెరీస్ లాసర్ అనే ఆవిడకు రొమ్ము కాన్సర్ ఆపరేషన్ అయింది. ఇంటికెళ్ళాక చెయ్యి ఎలా కదపాలో, బట్టలు ఎలా వేసుకోవాలో చెప్పేవారు లేరు. తనే నేర్చుకుని, ఆపరేషన్ అయిన ఇతర స్త్రీల మంచాల దగ్గరకు వెళ్ళి చెప్పసాగింది. కొందరు డాక్టర్లకు అది గిట్టలేదు. అయినా 1969లో అమెరికన్ కాన్సర్ సొసైటీ ఆ పనిని తన కార్యక్రమంగా స్వీకరించింది.

ఇప్పుడు మనం రోగుల సహాయ కమిటీ వేస్తున్నాము, సంతోషం. చదివిన ఐదు పేర్లలో జబ్బుపడి లేచినవారు గాని, రోగికి సేవచేసిన ఇల్లాలు గాని ఒక్కరూ లేరు. మా ఆవిడ పేరు ప్రతిపాదిస్తున్నాను. వెనుక వరుసలోంచి వద్దని సైగ చేస్తోంది. అధ్యక్షులవారు అటు చూడవద్దని మనవి.