గెలుపు ఎవరి ఖాతాకు?

మిరపకాయలు కళ్లమున ఆరుచుండగా ఒకనాటి రాత్రి ఉన్నట్లుండి మబ్బు పట్టినదనుకొనుడు. నారు పోసి, నాటి, కలుపు తీయించి, కాయ కోయించిన రైతు అలసి నిద్రించుచున్నాడు. పొరుగు చేని కుర్రవాడు పరుగున వచ్చి, కాయలను కుప్పకు చేర్చి, పట్టా కప్పినాడు. పంట నిలిచినది. ఆ పంట రైతుదే, సందేహము లేదు. కాని ఆ కుర్రవాని పేరు ఏ పద్దులోనైనను వ్రాయవలసి యుండునా?

కనిగిరి ప్రాంతపు శ్రోతలకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. దీనికి అమెరికావారు తమ బేస్‌బాల్ ఆటలో ఒక సమాధానము వ్రాసికొన్నారు. ఆ కథయే నేటి నా ప్రసంగ విషయము.

బేస్‌బాల్‌లో బంతి విసరువానిని పిచ్చర్ అందురు. ఆట తొమ్మిది ఇన్నింగ్సులు. ఆట ప్రారంభించిన పిచ్చర్ అలసినచో వేరొకడు వచ్చును. వీడే రిలీఫ్ పిచ్చర్. ఒకసారి ఆటనుండి తొలగినవాడు ఆనాడు మరల దిగుటకు వీలులేదు. క్రికెట్‌లో గెలుపు జట్టుదే. బేస్‌బాల్‌లో మాత్రము ప్రతి గెలుపును ఎవరో ఒక పిచ్చర్ ఖాతాకు వ్రాయుదురు. జట్టు తుదిదాక నిలుపుకొన్న ఆధిక్యమును సంపాదించునప్పటికి ఎవడు పిచ్చర్‌గా ఉన్నాడో వానిది గెలుపు. అయితే ఆట ప్రారంభించినవానికి గెలుపు దక్కవలెనన్న వాడు సాధారణముగా ఐదు ఇన్నింగ్సులైనను పూర్తి చేసి యుండవలెను. చేయనిచో, తరువాత వచ్చినవారిలో ఎవడు ఎక్కువ ఉపకరించెనో లెక్క వ్రాయువాడు నిర్ణయించును.

ఒక ఉదాహరణము చూతము. మొదటివాడు ఆరు ఇన్నింగ్సులు విసరి, 4–2 ఆధిక్యముతో ఆటను అప్పగించినాడు. రెండవవాడు ఏడు, ఎనిమిది ఇన్నింగ్సులు విసరి, ఎనిమిదవదానిలో రెండు పరుగులిచ్చి 4–4 చేసినాడు. వెంటనే వాని జట్టు బ్యాటుపట్టి ఒక పరుగు తీసినది. తొమ్మిదవ ఇన్నింగ్సున మూడవవాడు వచ్చి ఎదిరివారిని కట్టడి చేసినాడు. జట్టు 5–4తో గెలిచినది. ఖాతా చూడుడు: ఆరు ఇన్నింగ్సులు శ్రమించినవానికి ఏమియు లేదు. ఆధిక్యమును చేజార్చినవానికి గెలుపు! ఇది వింతగా లేదా?

1959లో పిట్స్‌బర్గ్ జట్టు రిలీఫ్ పిచ్చర్ ఎల్‌రాయ్ ఫేస్‌కు 18 గెలుపులు, ఒకే ఓటమి లెక్కకు వచ్చినవి. జెరోమ్ హోల్ట్జ్‌మన్ అను షికాగో పత్రికా రచయితకు ఈ లెక్క సంతృప్తి కలిగింపలేదు. చేజార్చిన ఆటలును గెలుపులుగా నమోదగుచుండగా, నిజముగా ఆటను కాపాడినవానికి ఏ గడియు లేకపోవుట ఆయన చూచినాడు. 'సేవ్' అను క్రొత్త గడిని ఆయన ప్రతిపాదించినాడు. 1969లో అది అధికార నియమమయ్యెను. 1975లో నేటి రూపమునకు వచ్చెను.

దాని నియమమిది. గెలిచిన జట్టు పక్షమున ఆటను ముగించిన పిచ్చర్ అయి యుండవలెను. గెలుపు తన ఖాతాకు వచ్చినవాడు కారాదు. కనీసము ఒక ఔటైనను సాధించి యుండవలెను. పైగా ఈ మూడింటిలో ఒకటి జరుగవలెను: మూడు పరుగులకు మించని ఆధిక్యమున వచ్చి ఒక ఇన్నింగ్సు విసరుట, లేదా సమము చేయగల పరుగు బేస్‌పైనో, బ్యాటు చేతనో, తరువాతి వంతుననో ఉండగా వచ్చుట, లేదా మూడు ఇన్నింగ్సులైనను విసరుట. పై ఉదాహరణములో సేవ్ మూడవవానిది. మరియానో రివేరా ఇట్టి సేవ్‌లు 652 సాధించి, 2019లో ప్రతి ఓటును పొంది ప్రఖ్యాతుల మందిరమున చేరినాడు.

మన క్రికెట్ సంగతి? 2025 ఆగస్టు 4న ఓవల్ మైదానమున ఇంగ్లండుకు కావలసినవి 35 పరుగులు. చేతనున్నవి నాలుగు వికెట్లు. మన హైదరాబాదు బౌలర్ మహమ్మద్ సిరాజ్ ఆ నాలుగింటిలో మూడు తీసి, భారతమును ఆరు పరుగులతో గెలిపించినాడు. ముందునాడు హ్యారీ బ్రూక్ 19 వద్ద ఉండగా క్యాచ్ పట్టి, సరిహద్దు త్రాడుపై కాలు మోపినవాడును ఆతడే. బ్రూక్ 111 చేసినాడు. లెక్క పుస్తకము చెప్పునది మాత్రము 104 పరుగులకు 5 వికెట్లు అని. ఆ భారము, ఆ పశ్చాత్తాపము, ఆ ప్రాయశ్చిత్తము ఏ గడిలోను లేవు.

నేను కనిగిరిలో పిల్లల పందెములకు లెక్క వ్రాసిన కాలమున ఒక కుర్రవాడు ఎనిమిది ఓవర్లు వేసి పదకొండు పరుగులే ఇచ్చినాడు. ఆ బిగింపునకు తాళలేక ఎదిరివారు రెండవ వైపున తొందరపడి ఔటయినారు. దండ రెండవవైపు బౌలర్‌కు పడినది. ఆ కుర్రవాడు నా పుస్తకములోనికి తొంగిచూచి, "మాస్టారూ, నేనేమీ చేయలేదాండీ?" అని అడిగినాడు. వికెట్ల గడిలో సున్న. నేను పరుగుల గడి చూపితిని. వాడు తల ఊపినాడే గాని, వాని ముఖము తేటపడలేదు.

అట్లని గడులు పెంచినంతమాత్రమున న్యాయము పూర్తికాదు. సేవ్ వచ్చిన పిమ్మట అమెరికా జట్లు తమ మేటి పిచ్చర్‌ను తొమ్మిదవ ఇన్నింగ్సునకే దాచియుంచుట అలవాటు చేసికొన్నవి. ప్రమాదము ఏడవదానిలో వచ్చినను ఆతడు బయటనే కూర్చుండెడివాడు. కొలుచుటకు పుట్టిన గడి ఆటనే తనవైపు త్రిప్పుకొన్నది.

కనుక లెక్క వ్రాయువాడు రెండు పనులు చేయవలెను. ఉన్న గడులను నిజాయితీగా నింపవలెను. పుస్తకము మూసిన తరువాత, ఏ గడిలోను పట్టనివానిని పిలిచి నలుగురిలో వాని పేరు చెప్పవలెను. ఆనాడు నేను ఈ రెండవ పని చేయలేదు. నేడు చెప్పుచున్నాను.